దేవశిల్పి విశ్వకర్మ గారికి, బోటు అడుగు నుంచి

మహారాజశ్రీ విశ్వకర్మ గారి సముఖానికి, కాకినాడ రేవులో నలభై అడుగుల బోటు ఉన్న ఒక మత్స్యకారుడు చేసుకునే విన్నపం.

విషయం: ఇంజిన్ గదిలో మనిషి పట్టకపోవడం గురించి.

అయ్యా,

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు వారు మరబోట్లను ఒడ్డున కట్టేయిస్తారు. చేపలకు పురుళ్లు, మాకు మరమ్మతులు. రేవులో బోట్లన్నీ ఒక్కసారే విప్పుకుని కూర్చుంటాయి గనక, ఈ రోజుల్లో మెకానిక్కును పట్టుకోవడం మూఢం ముందు పురోహితుణ్ణి పట్టుకోవడమే. వస్తానన్నవాడు రాలేదు. వచ్చినవాడు లోపలికి తొంగి చూసి, టీ తాగి, మళ్లీ వస్తానని వెళ్లాడు. అందుచేత నేనే దిగాను.

దిగడమంటే మెట్లు దిగడం కాదు. మూత తీసి కాళ్లు ముందు పంపాలి, తర్వాత పొట్ట. పొట్ట దగ్గర కాసేపు ఆగాలి. తమరు సూర్యుణ్ణి సానబట్టి ఎనిమిదో వంతు తగ్గించారనీ, ఆ రజనుతోనే విష్ణుచక్రం చేశారనీ పురాణం. నన్ను కూడా ఆ సాన మీదికి ఎక్కిస్తే కాదనను. రజనుతో ఏం చేసుకుంటారో తమరి ఇష్టం.

అసలు బాధ నీళ్ల పంపుతో వచ్చింది. ఇంజిన్ చల్లబడడానికి సముద్రపు నీటిని లోపలికి లాగే ఈ పంపులో రెక్కల రబ్బరు చక్రం ఒకటి ఉంటుంది. నీళ్లు లాగే గొట్టానికి ఓ పాలిథిన్ కవరు అడ్డం పడిందనుకోండి, చక్రం పొడిగా తిరిగి, చూస్తుండగానే రెక్కలు తెగిపోతాయి. మాదాంట్లో ఆరు రెక్కలకు నాలుగే మిగిలాయి. కొత్త చక్రం వేస్తే సరిపోదు. తెగిన ఆ రెండు ముక్కలూ ఎక్కడున్నాయో వెతికి తియ్యాలి, లేకపోతే అవి నీళ్లతో పాటు పోయి సన్నటి గొట్టాల్లో అడ్డం కూర్చుంటాయి.

ఇక పంపు మూత. దానికి ఆరు బోల్టులు. ఆ ఆరూ నన్ను చూడవు, గోడను చూస్తాయి. గోడకూ మూతకూ మధ్య సందు నాలుగు వేళ్లు. అందులో చెయ్యి పెడితే కన్ను పట్టదు, కన్ను పెడితే చెయ్యి పట్టదు. చివరికి సెల్‌ఫోను లోపలికి దూర్చి ఫొటో తీసి, బయట అది చూసుకుని, కళ్లు మూసుకుని మళ్లీ చెయ్యి పెట్టాను. పానా తిరిగే చోటు కూడా లేదు. ఒక్క మాట చెప్పాలి. మామూలు పానా తల 15 డిగ్రీలు పక్కకు వంచి ఉంటుంది. తిప్పి, తిరగేసి పెట్టుకుంటూ పోతే 30 డిగ్రీల చోటు చాలు. ఆ వంపు కనిపెట్టినవాడెవరో నాకు తెలీదు గానీ, ఇలాంటి గదిలో ఒక పూటైనా ఉండి వచ్చిన మనిషి. ఆయన దయవల్ల బోల్టు ఒక్క చుట్టు తిరగడానికి పన్నెండు సార్లు పానా మార్చాను. ఒక్క బోల్టుకు చుట్లెన్నో లెక్క పెట్టడం మానేశాను.

అయిదో బోల్టు జారింది. బోటు అడుగున నీళ్లూ డీజిలూ ఆయిలూ కలిసిన నల్లటి మడుగు ఒకటుంటుంది, జారినవన్నీ అక్కడికే చేరతాయి. దారానికి అయస్కాంతం కట్టి దింపితే పోయినేడాది పోయిన పానా వచ్చింది, ఎవరిదో తాళంచెవి వచ్చింది, బోల్టు మాత్రం రాలేదు. తుప్పు పట్టకూడదని ఎక్కువ డబ్బు పోసి స్టెయిన్‌లెస్ స్టీలువి వేయించాను. ఆ స్టీలును అయస్కాంతం పట్టుకోదు.

తమరు కట్టిన పుష్పకంలో ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటుండేదట. ఆ ఒక్క కిటుకు మా బోట్లు కట్టేవాళ్లకు ఎందుకు చెప్పలేదని అడుగుదామనే ఈ లేఖ మొదలుపెట్టాను. అడగబోతుంటే నా నోరే నాకు అడ్డం పడింది. బోటు కట్టించేటప్పుడు ఇంజిన్ గదికీ ఐసు గదికీ మధ్య ఉన్న ఆ గోడ దగ్గర నిలబడి, "మేస్త్రీ, ఇంకో అడుగు వెనక్కి జరుపు, ఐసు ఎక్కువ పడుతుంది" అన్నది నేనే. ఆయన వద్దన్నాడు కూడా. ఆ అడుగులో ఎన్ని కిలోల ఐసు పడుతుందో అప్పుడు వేళ్ల మీద లెక్క చెప్పాను. ఈ సంగతి తమరు మేస్త్రీ చెవిన వెయ్యకపోతే సంతోషం.

బిగించడం దగ్గర మా అమ్మాయి సాయం వచ్చింది. ఆరో తరగతి అయింది, వేసవి సెలవులు. రెండు రోజులుగా దాని పని టార్చి పట్టుకోవడం. "ఇటు కొట్టమ్మా", "కళ్లల్లోకి కాదే", "పంపు మీద, పంపు మీద" అని నేను అరవడం, "నీ తలే అడ్డం నాన్నా" అని అది. మూడో రోజు పొద్దున విసుగొచ్చి టార్చి నా చేతికిచ్చి, తన చెయ్యి సందులోకి పెట్టింది. గాజులతో సహా దూరిపోయింది. చూడకుండానే ఆరు బోల్టులూ (ఒకటి బజారులో కొత్తది) వేళ్లతో ఎక్కించింది. నేను టార్చి పట్టుకున్నాను. తిన్నగా పట్టుకోలేదని తిట్టింది కూడా.

కనక తమరి సముఖానికి నా కోరిక ఒకటే. గోడ జరిపించుకునే స్తోమత వచ్చేదాకా నా మోచేతికీ మణికట్టుకీ మధ్య ఇంకొక కీలు దయచేయించండి. కాస్త తొందరగా చూడాలి. సంక్రాంతికి కొన్న గాజులు మా అమ్మాయికి అప్పుడే బిగుతవుతున్నాయి.

ఇట్లు,
తమ విధేయుడు,
మూత దగ్గర ఇరుక్కున్నవాడు