ఇడ్లీకి డార్క్ మోడ్

మాదాపూర్‌లో వెబ్ డెవలపర్‌గా పనిచేసే కుర్రాడు ఊళ్లో బాబాయి టిఫిన్ సెంటర్‌కి వెబ్‌సైటు కట్టాడు. ఉన్నది ఒకే పేజీ. ఇడ్లీ, వడ, పెసరట్టు, ఉప్మా.

ముందు రియాక్ట్ దిగింది. దాని వెనకే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్ దిగింది. పెళ్లికొడుకు ఒక్కడే, వెంట బస్సుల నిండా చుట్టాలు!

వాళ్లలో చిన్నవాళ్లని చిన్నచూపు చూడ్డానికీ లేదు. 2016లో లెఫ్ట్‌ప్యాడ్ అనే 11 లైన్ల ప్యాకేజీని దాని కర్త వెనక్కి లాక్కుంటే వేలకొద్దీ ప్రాజెక్టుల బిల్డులు చతికిలబడ్డాయి. ఇంతకీ అది చేసే ఘనకార్యం? అక్షరాలకు ఎడమపక్క కాస్త ఖాళీ చేర్చడం.

తర్వాత ఫాంట్ల దర్బారు. గూగుల్ ఫాంట్స్‌లో పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ వరసగా నిలబడ్డారు. రాయలవారు కూడా వాళ్లని అంతసేపు నిలబెట్టి ఉండరు. చివరికి ఉప్మా పెద్దనగారికి దక్కింది.

ఇక రంగులు. కొబ్బరి చట్నీ తెలుపు మామూలు తెలుపు కాదట. సరైన హెక్స్ కోడ్ దొరికేసరికి ఫిగ్మాలోనే తెల్లారింది. అప్పటికి ఊళ్లో చట్నీ అయిపోయింది.

సైటు లైవ్ అయింది. లైట్‌హౌస్ స్కోరు వందకు వంద. లింక్డిన్‌లో శుభాకాంక్షల వెల్లువ.

బాబాయి ఫోన్‌లో తెరిచి చూశాడు.

"ఏరా, కరెంటు పోయిందా?"

"డార్క్ మోడ్ బాబాయ్!"

"సరేలే. ఇందులో మన ఫోన్ నంబరు ఏదిరా?"

"అది వెర్షన్ 2లో వస్తుంది."