మంచమెక్కితే పది లక్షలు

2023 డిసెంబరు 9న తెలంగాణలో ఆరోగ్యశ్రీ బీమా పరిమితి అయిదు లక్షల నుంచి పది లక్షలకు పెరిగింది. ఆ లెక్కన హైదరాబాద్ మొఘల్‌పురా గల్లీలో షుగరు, బీపీ, మోకాళ్ల నొప్పులతో కాలక్షేపం చేసే తెల్లకార్డు చాచా ఏటా పది లక్షల ఆసామి. ఆ ఆసామి మెడికల్ షాపు ముందు నిలబడి చిట్టీ చాపుతాడు. "పత్తా మొత్తమా చాచా, అయిదు గోలీలు చాలా?" అని అడుగుతాడు కుర్రాడు. అయిదే. చిట్టీలో రోజుకు రెండు, చాచా లెక్కలో రోజు విడిచి రోజు ఒకటి.

తప్పు చాచాదే, నిలబడ్డాడు. మన బీమాకు నిలబడ్డ రోగి కనపడడు. జాబితాలోని ఆస్పత్రిలో, జాబితాలోని జబ్బుతో మంచమెక్కాలి.

బీపీ గోలీ ఎగ్గొడుతూ పోతే కిడ్నీలు దెబ్బతినొచ్చు. సర్కారు వారి ఔదార్యం అప్పుడు చూడాలి! డయాలసిస్ ఉచితం, 2022 నుంచి ఆ రోగులకు ఆసరా పింఛను కూడా. గుండె మొరాయిస్తే స్టెంటు వేయిస్తారు, కొన్ని ఆపరేషన్ల తర్వాత కొన్నాళ్లు మందులూ ఇస్తారు. అంతదాకా రానీయని గోలీకి మాత్రం సొంత జేబే దిక్కు.

కేంద్రమూ తక్కువ తినలేదు. 2024 అక్టోబరు 29న డెబ్భై నిండిన వాళ్లందరికీ, పేదా ధనికా చూడకుండా, ఆయుష్మాన్ భారత్ తెరిచింది. మందులూ ఉన్నాయి: ఆస్పత్రిలో చేరే ముందు మూడు రోజులకు, ఇంటికొచ్చాక పదిహేను రోజులకు. పదహారో రోజున బీపీ రాజీనామా ఇస్తుందని ఢిల్లీ నమ్మకం కాబోలు.

అత్యవసర మందుల ధరలు 2022లో దాదాపు 10.8 శాతం, 2023లో 12.1 శాతం పెంచుకోనిచ్చారు. టోకు ధరల సూచీ పెరిగిందట, పాపం కంపెనీలు ఏం తింటాయి? వృద్ధాప్య పింఛను 2019లో 2016 రూపాయలైంది, 2023 ఎన్నికల్లో నాలుగు వేలన్నారు. వికలాంగులకు 4016 నుంచి ఆరు వేలన్నారు. మందుకు సూచీ ఉంది, ముసలాళ్లకూ వికలాంగులకూ మేనిఫెస్టో ఉంది.

బస్తీ దవాఖానాలను తక్కువ చేయను. 2018 నుంచి పేదల బీపీ, షుగరు గోలీల బరువు కొంత మోస్తున్నవి అవే. అక్కడి జాబితాలో లేని మందు పెద్ద డాక్టరు రాస్తే మళ్లీ మెడికల్ షాపే.

బీమాలో గోలీకి చోటు ఆలస్యం కావడం మన ఒక్కరి గొడవే కాదు. అమెరికాలో వృద్ధులకు బీమా అయిన మెడికేరు చట్టం 1965లో వచ్చింది. షాపులో కొనుక్కునే మందులకు అందులో చోటు దొరికింది 2006లో. ఆ ప్రకారం 2007లో పుట్టిన ఆరోగ్యశ్రీకి 2048 దాకా గడువుంది, తొందరేం లేదు.

అందాకా ఒక ఉపాయం. ప్రతి బస్తీ దవాఖానాలో ఓ మంచం వేయించండి. చాచా చెప్పులు విప్పి అయిదు నిమిషాలు నడుం వాలుస్తాడు. ఫొటో, వేలిముద్ర, ఇన్‌పేషెంటు. లేచేటప్పుడు నెలకు సరిపడా గోలీలు చేతిలో పెట్టి డిశ్చార్జి చేయండి. బడ్జెట్ చాలదంటే దుప్పటి ఆయనే తెచ్చుకుంటాడు.