లోపలి సంగతి మాకు చెప్పలేదే!

1989 డిసెంబరులో జపాన్‌లోని క్యోటోలో జరిగిన ఓ సదస్సులో ఆరుగురు పండితులు ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ డేటాబేస్‌లకు మేనిఫెస్టో ప్రకటించారు. మేనిఫెస్టో అంటే ఏమిటో తెలుగువాడికి ఒకరు చెప్పాలా! తప్పనిసరి హామీలే 13. మొట్టమొదటిది, ఆబ్జెక్టులో ఆబ్జెక్టు, దాంట్లో మరొకటి, ఎంత చిక్కుముడిగా ఉన్నా సరే భద్రపరుస్తాం అన్నది. ఇంకోటి, డేటా దానంతటదే నిలుస్తుంది, మీరేమీ మోసుకెళ్లి దాచక్కర్లేదు అన్నది.

ఈ హామీల నీడలో ఎదిగిన సంతానంలో డీబీఫోర్‌ఓ ఒకటి. జావా, డాట్‌నెట్ వాళ్ల ముద్దుబిడ్డ. టేబుళ్ల గొడవ లేదు, ఎస్‌క్యూఎల్ బాధ లేదు. ఆబ్జెక్టును ఇలా చేతికిస్తే అలా లోపల పెట్టేసుకుంటుంది.

దాని పాఠంలో ఉదాహరణకు ఫార్ములా వన్ పోటీని తీసుకున్నారు. కారు ఒక ఆబ్జెక్టు. కారు లోపల పైలట్ ఇంకో ఆబ్జెక్టు. పైలట్‌కు కొన్ని పాయింట్లు. ఫెరారీని బయటికి తీసి, అందులో కూర్చున్న పైలట్‌కు ఒక పాయింటు కలిపి, కారును సేవ్ చేస్తాం. వెంటనే అడిగి చూస్తే పాయింటు నిక్షేపంలా ఉంటుంది. డేటాబేస్ మూసి, మళ్లీ తెరిచి అడగండి. పైలట్ ఉంటాడు, ఫెరారీ ఉంటుంది, పాయింటు మాత్రం ఉండదు. ఎర్రర్ రాదు, వార్నింగూ రాదు.

దీనంతటికీ కారణం అప్‌డేట్ డెప్త్ అనే సెట్టింగు. ఎవరూ ముట్టుకోకపోతే దాని విలువ 1. మీరిచ్చిన కారు వరకే రాస్తుంది. లోపల ఉన్న పైలట్‌కు ఏమైందని తొంగి కూడా చూడదు. మంత్రిగారు తనిఖీకి వస్తున్నారంటే హాస్టల్ గేటుకు సున్నం కొట్టించి, బాత్రూముల ఊసెత్తని వార్డెన్‌ది కూడా ఇదే బుద్ధి.

మరి మొదట అడిగినప్పుడు పాయింటు ఎలా కనిపించింది? అసలు తమాషా అక్కడే ఉంది. అదే సెషన్‌లో అడిగితే, మీరు మార్చిన ఆ ఆబ్జెక్టునే మెమరీలోంచి తీసి మీ చేతికిస్తుంది. డిస్కు మీద ఉన్నది పాత లెక్కే. పరీక్ష పేపరు రాసినవాడి చేతికే ఇచ్చి దిద్దుకోమన్న చందం, ఇక టెస్టింగ్‌లో ఫెయిలయ్యేదెవరు? డెమోలో పాయింట్లు వచ్చాయి, క్లయింటు సంతోషించాడు, బిల్లు పాసయింది. సర్వర్ రీస్టార్ట్ అయ్యాక ఏ ఆఫీసులోనైనా జరిగే సంభాషణ ఇది:

"సార్, నిన్నటి డేటా పోయింది."

"పోలేదమ్మా. అసలు రాయనేలేదు."

"మరి సేవ్ అయిందని చూపించిందిగా?"

"కారు సేవ్ అయింది. పైలట్‌ను సేవ్ చెయ్యమని ఎవరైనా చెప్పారా?"

చదవడంలో మాత్రం దీనికి ఎక్కడలేని ఉదారత. యాక్టివేషన్ డెప్త్ డిఫాల్టుగా 5. అంటే చూడటానికి అయిదు మెట్లు దిగుతుంది, రాయడానికి ఒక్క మెట్టు దగ్గరే ఆగిపోతుంది. అయిదో మెట్టు కింద ఉన్న ఆబ్జెక్టు కూడా దొరుకుతుంది కానీ లోపలంతా డొల్ల. పేరు అడిగితే నల్, పాయింట్లు అడిగితే సున్నా.

ఇది బగ్ కదా అంటే కాదట, వేగం కోసం కావాలనే అలా పెట్టారట. నిజమే, కారుకు పైలట్, పైలట్‌కు జట్టు, జట్టుకు మళ్లీ కార్లు. ఈ గొలుసు పట్టుకుని పోతే ఒక్క పాయింటు కోసం సగం డేటాబేస్‌ను తిరగరాయాల్సి వస్తుంది. కావాలంటే ఫలానా క్లాసుకు లోపలిదాకా రాయమని ముందే సెట్టింగు పెట్టుకోవచ్చు, మాన్యువల్లో ఆ సంగతి రాసే ఉంది. నా తగువు ఆ 1తో కాదు. "లోపలిది మారినట్టుంది, నేనైతే రాయలేదు" అని ఒక్క ముక్క చెబితే దాని సొమ్మేం పోయింది?

పైథాన్ వాళ్లు కిసుక్కున నవ్వక్కర్లేదు. జోప్ అనే వెబ్ అప్లికేషన్ సర్వర్‌తో పాటు వచ్చిన వాళ్ల ఆబ్జెక్ట్ డేటాబేస్ జెడ్‌ఓడీబీలో పర్సిస్టెంట్ ఆబ్జెక్టు లోపల మామూలు లిస్టు పెట్టి దానికి ఏదో కలిపి చూడండి. లిస్టు పెరిగిన సంగతి దాని యజమానికి తెలియదు. 'పీ చేంజ్‌డ్' అనే జెండా మీరే ఎత్తి, నేను మారానహో అని చాటింపు వేయించాలి. లేదంటే పర్సిస్టెంట్ లిస్టు అనే ప్రత్యేక సరుకు తెచ్చుకోవాలి. దానంతటదే నిలుస్తుందన్న హామీ ఏ గోదాట్లో కలిసిందో ఆ ఆరుగురినే అడగాలి.

డీబీఫోర్‌ఓను 2008లో వెర్సంట్ కొనుక్కుంది. 2012లో వెర్సంట్‌ను యాక్టియన్ కొనుక్కుంది. అంటే యాక్టియన్ లోపల వెర్సంట్, వెర్సంట్ లోపల డీబీఫోర్‌ఓ. కొత్త వెర్షన్ వస్తుందని ఎదురుచూసినవాళ్లకు ఆ తర్వాత అప్‌డేట్లు నిలిచిపోయాయి. కంపెనీ సెట్టింగుల్లో కూడా డెప్త్ ఒకటే ఉండి ఉంటుంది.