అబద్ధమాడింది నేనే, నమ్మండి!

మా బామ్మర్ది పట్టాదారు పాస్‌పుస్తకంలో వాళ్ల నాయన పేరుకు ఒక దీర్ఘం తగ్గింది. ఆ దీర్ఘం కోసం వాడు రెండేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగాడు. జిరాక్సులకు పెట్టిన డబ్బుతో రెండు గొర్రెలు వచ్చేవి. “నాయన పేరే తప్పుంటే రేపు భూమి నాదని ఎట్ల చెప్పుకోవాలె బావా” అని కళ్లనీళ్లు కూడా పెట్టుకున్నాడు. దీర్ఘం ఇంటికొచ్చిన రోజు యాటను కోశాడు.

అక్షరం విలువ అంతగా తెలిసిన ఈ మనిషే మొన్న రఘునాథపల్లి హైవే పక్కన ప్లాట్ల వ్యాపారం మొదలుపెట్టి, వెబ్‌సైటు కోసం ఒక డొమైన్ పేరు కొన్నాడు. ఫారం నింపేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. యజమాని పేరు: సర్వాయి పాపన్న. చిరునామా: ఖిలాషాపూర్ కోట, పెద్ద బురుజు. ఫోన్ నంబరు: వరసగా పది తొమ్మిదులు. మెయిల్: అప్పటికప్పుడు పుట్టించింది. దాని పాస్‌వర్డ్ పొద్దుగూకే లోపే మరిచిపోయాడు.

“ఇదేందిరా?” అన్నాను.

“ఎవడు సూస్తడు బావా! అసలు నంబరిస్తే లోగో చెయ్యాల్నా సార్, లోన్ కావాల్నా సార్ అని పానం తీస్తరు.”

పాపన్న మా మండలంవాడే. మొఘల్ సుబేదార్లను ముప్పుతిప్పలు పెట్టి, 1708లో వరంగల్ కోట మీద పడ్డ వీరుడు. 1710లో పోయాడు. మూడు వందల ఏళ్ల తర్వాత తన పేరు మీద 150 గజాల ప్లాట్లు అమ్ముతారని ఆయన కలగని ఉండడు.

ఈ డొమైన్ల లోకానికి ఐకాన్ అనే పెద్దదిక్కు ఉంది. 1998లో పుట్టింది, కాపురం లాస్ ఏంజెలెస్‌లో. పేర్లు అమ్మే కంపెనీలకూ దానికీ మధ్య 2013 నాటి ఒప్పందం నడుస్తోంది. దాని ప్రకారం కొన్నవాడి మెయిలో ఫోనో నిజమైనదేనా అని కంపెనీ 15 రోజుల్లో తేల్చుకోవాలి. తేలకపోతే తానే విచారించుకోవాలి, లేదా పేరును ఆపేయాలి. ఆ తర్వాతైనా సరే, వివరాలు తప్పని ఎవరైనా ఫిర్యాదు చేస్తే, కంపెనీ అడిగిన 15 రోజుల్లో జవాబివ్వాలి. కావాలని తప్పుడు వివరాలు ఇస్తే ఒప్పందం మీరినట్టే, పేరు ఊడినా కిక్కురుమనడానికి లేదు. ఇదంతా మా వాడు “ఒప్పుకుంటున్నాను” అని టిక్కు పెట్టిన కాగితంలోనే ఉంది. ఆ టిక్కు పెట్టడానికి వాడికి అర సెకను పట్టింది.

పదహారో రోజు పొద్దున్నే ఫోను. “బావా, సైటు మాయమైంది!” అదే వారం కోమళ్ల టోల్‌గేటు దాటగానే హోర్డింగు కూడా లేచింది. దాని మీద వెబ్ చిరునామా ఒక్కో అక్షరం గుమ్మడికాయంత. కారు ఆపి కొట్టి చూసినవాళ్లకు మాత్రం తెల్లతెర.

కంపెనీకి ఫోను కలిపి స్పీకర్‌లో పెట్టాడు. అవతల ఒక అమ్మాయి.

“పాపన్న గారేనా మాట్లాడేది?”

“అ... అవును.”

“ఆధార్ పంపండి సార్, పది నిమిషాల్లో తెరిపిస్తాం.”

“ఆధార్‌ల పేరు వేరే ఉంటది మేడమ్.”

“అయితే పాపన్న గారినే లైన్లోకి రమ్మనండి.”

“ఆయన లేడు మేడమ్.”

“ఎప్పుడొస్తారు?”

బామ్మర్ది నా ముఖం చూశాడు. నేను ఫ్యాను చూశాను. “పైసలు కట్టింది నేనే గదా, రసీదు పంపుతా” అన్నాడు. “కట్టినవాళ్లు ఎవరైనా కావచ్చు సార్. రికార్డులో పేరున్నవాళ్లదే డొమైన్.” అప్పుడు అరిచాడు వాడు: “అబద్ధమాడింది నేనే మేడమ్, నమ్మండి!”

భూమి విషయంలో ఈ సూత్రం మా ఊళ్లో పశువుల కాపరికి కూడా తెలుసు. పైసలు పెట్టినోడు కాదు, కాగితంలో పేరున్నోడే పట్టాదారు. బినామీ పేరున కొన్న భూమి బినామీగాడు కన్నుమూయగానే ఎవరి పాలవుతుందో మా రచ్చబండ మీద ఎన్నిసార్లు వినలేదు! మా వాడి బినామీ అయితే ముందే కన్నుమూశాడు.

పదిహేను రోజుల గండం గట్టెక్కినా ఏడాది గండం ఒకటుంటుంది. గడువు తీరడానికి నెల ముందొకటి, వారం ముందొకటి హెచ్చరికలు వస్తాయి. అవి పాపన్న గారి మెయిల్‌కు వెళ్తాయి. ఎవరూ చూడకపోతే పేరు రద్దవుతుంది. డాట్ కామ్‌కైతే ఆపైన 30 రోజులు జరిమానాతో విడిపించుకునే వీలుంటుంది, ఆ తర్వాత 5 రోజులకు సంతలోకొస్తుంది. ఎదుటి వెంచరువాడు కొనుక్కుని, మా వాడి హోర్డింగు ఖర్చుతో తన ప్లాట్లు అమ్ముకుంటాడు.

దొంగపేరు పెట్టే ఈ తెలివి మా ఒక్కరి సొత్తు కాదు. 2000లో ఆస్ట్రేలియా టెలిఫోన్ కంపెనీ టెల్‌స్ట్రా పేరుతో ఒకరు డొమైన్ పట్టుకుని కూర్చున్నారు. యజమాని ఎవరా అని చూస్తే “న్యూక్లియర్ మార్ష్‌మాలోస్” అని ఉంది. అంటే అణుశక్తితో నడిచే దూదిమిఠాయి. వైపో అనే అంతర్జాతీయ సంస్థలో విచారణ జరిగితే, ఉనికి దాచి తప్పుడు చిరునామా ఇవ్వడాన్నే దురుద్దేశానికి ఒక సాక్ష్యంగా తీసుకుని, పేరును టెల్‌స్ట్రాకు అప్పగించారు. ఆ తీర్పును అలాంటి తగాదాల్లో ఇప్పటికీ ఉటంకిస్తారు. మిఠాయి పేరు చరిత్రలో నిలిచింది, డొమైన్ నిలవలేదు.

అమెరికాలో 2004 నుంచి ఒక చట్టం ఉంది. తప్పుడు పేరున కొన్న డొమైన్‌తో నేరం చేస్తే, అసలు శిక్షకు మరో 7 ఏళ్ల దాకా కలుస్తాయి. మన 2023 నాటి డేటా రక్షణ చట్టం కూడా వేరొకరిలా నటిస్తూ వివరాలిస్తే 10 వేల దాకా జరిమానా అని రాసుకుంది. ఇక ఢిల్లీ హైకోర్టులో, దొంగ సైటు వెనక మనిషి ఎవరో తెలియకపోతే అతనికి “అశోక్ కుమార్” అని పేరుపెట్టి కేసు నడిపిస్తారు. మీరు పేరు చెప్పకపోతే కోర్టే బారసాల చేస్తుందన్నమాట.

2025 నవంబరులో సినిమాల పైరసీ సైటు ఐబొమ్మ కేసులో హైదరాబాద్ పోలీసులు కూకట్‌పల్లిలో ఒకాయన్ను పట్టుకున్నారు. మరొకరి పేరుతో గుర్తింపు కార్డులు పుట్టించాడన్నది పోలీసుల అభియోగం. నిజానిజాలు కోర్టు తేలుస్తుంది. మనకు తెలిసిందల్లా, కార్డులో పేరు ఎవరిదైనా పోలీసులు తట్టేది మనం పడుకునే ఇంటి తలుపే అని.

మరి ఆ లోగోల ఫోన్ల బాధో? దానికీ మందుంది. యూరప్‌లో 2018లో ప్రైవసీ చట్టం వచ్చాక చాలా కంపెనీలు కొన్నవాడి వివరాలు లోకానికి కనబడకుండా తెర వేస్తున్నాయి, చాలాచోట్ల ఉచితంగానే. నిజం కంపెనీకి చెప్పి, తెర లోకానికి వేయించుకుంటే సరిపోతుంది. తెర వేసుకోవడం వేరు, వేషం వేసుకోవడం వేరు.

ఇదంతా చెప్తే మా వాడికి జ్ఞానోదయమైంది. ఈసారి డాట్ ఇన్ పేరు కొన్నాడు. సొంత పేరు, సొంత నంబరు, సొంత ఇంటి నంబరు. కేవైసీ అడిగితే ఆధార్, లైసెన్సు రెండూ పెట్టాడు. చెంపలేసుకుని మరీ బటన్ నొక్కాడు.

అయిదు నిమిషాల్లో జవాబొచ్చింది: వివరాలు సరిపోలలేదు. చూస్తే, ఇంగ్లీషులో మా ఊరి పేరు చివర ఆధార్‌లో ‘ఐ’ ఉంది, లైసెన్సులో ‘వై’ ఉంది, పాస్‌పుస్తకంలో ‘ఈ’ ఉంది. మూడూ సర్కారు ముద్ర పడ్డవే.

బామ్మర్ది చాలాసేపు మాట్లాడలేదు. చివరికి అన్నాడు:

“పాపన్న పేరు మీదైతే ఒక్కసారికే తీసుకున్నది గదా బావా!”