చూస్తే సినిమా, ఆడితే సావు

డ్రాగన్స్ లెయిర్ 1983 జూన్ 19న అమెరికాలో విడుదలైన వీడియో ఆట. బిళ్ళ వేస్తే ఆడే పెద్ద పెట్టె రూపంలో, కాలిఫోర్నియాకు చెందిన సినిమట్రానిక్స్ కంపెనీ దీన్ని అమ్మింది. పేరుకు డ్రాగన్ గుహ అని అర్థం. కథ మాత్రం కామారెడ్డి దగ్గరి భిక్నూర్‌లో ఏ అరుగు మీది ముసలమ్మను అడిగినా చెప్పగలిగినదే. రాకుమారిని ఒక మాయదారి జంతువు ఎత్తుకుపోయి కోటలో దాస్తుంది, ఒక వీరుడు కత్తి పట్టుకుని పోయి ఆమెను విడిపించాలి. బాలనాగమ్మను మాయల ఫకీరు ఎత్తుకుపోయిన కథకూ దీనికీ తేడా ఒక్కటే. మన కథల్లో దారి తెలియని వీరుడికి ఊరి చివర పేదరాశి పెద్దమ్మ ఉంటుంది. ఇంత అన్నం పెట్టి, ఎడమకు పోవద్దు నాయనా, కుడికి పో అని చెబుతుంది. డ్రాగన్స్ లెయిర్‌లో ఆమె లేదు. ఈ ఆటలోని కష్టమంతా ఆ ఒక్క ముసలమ్మ లేకపోవడం వల్ల వచ్చిందే.

వీరుడి పేరు డర్క్ ద డేరింగ్. రాకుమారి డాఫ్నీ, డ్రాగన్ సింజ్. డర్క్ పేరులో ధైర్యం ఉంది గానీ ముఖంలో కనిపించదు. సన్నటి కాళ్ళు, పెద్ద చుబుకం, ఏ తలుపు తీసినా ఇక్కడికి ఎందుకొచ్చానురా అన్నట్టు చూసే కళ్ళు. తోటరాముడికి ఉన్న తెగువ ఇతనికి లేదు, ఉన్నదల్లా వెనక్కి తిరిగి పోయే దారి లేకపోవడమే.

ఆ కాలపు మిగతా ఆటల పక్కన పెడితే గాని దీని అందం తెలియదు. 1978 నాటి స్పేస్ ఇన్వేడర్స్‌లో శత్రువులు చుక్కలతో కుట్టిన ముగ్గుల్లా ఉంటారు. 1980 నాటి ప్యాక్‌మ్యాన్ ఒక ముక్క కోసిన పసుపు రొట్టె. వాటి నడుమ, అదే ధూళి పట్టిన హాలులో, ఒక పెట్టె మీద అచ్చమైన కార్టూన్ సినిమా నడుస్తుంటే జనం ఆగిపోయారు. కాకతాళీయమే గానీ చెప్పుకోదగ్గ సంగతి ఇంకొకటుంది. ఈ ఆట బయటికొచ్చిన తేదీకి ఒక్కరోజు ముందే, జూన్ 18న, టన్‌బ్రిడ్జ్ వెల్స్‌లో కపిల్‌దేవ్ జింబాబ్వే మీద 175 నాటౌట్ కొట్టాడు. ఆ ఆటకు వీడియో లేదు, చూసినవాళ్ళు చెబితే వినాల్సిందే. డ్రాగన్స్ లెయిర్‌లో అన్నీ ముందే తీసి పెట్టిన బొమ్మలే, కొట్టడానికి మాత్రం ఏమీ లేదు. ఆడేవాడు అడ్డం పడకపోతే ఆట బ్రహ్మాండంగా సాగుతుంది.

ఆలోచన రిక్ డయ్యర్‌ది. ఇతని కంపెనీ పేరు అడ్వాన్స్‌డ్ మైక్రోకంప్యూటర్ సిస్టమ్స్. బొమ్మలు డాన్ బ్లూత్‌వి. బ్లూత్ డిస్నీ స్టూడియోలో పనిచేసినవాడు. అక్కడి బొమ్మల్లో పాత నాణ్యత తగ్గిపోతోందని అలిగి, 1979 సెప్టెంబర్ 13న, సరిగ్గా తన పుట్టినరోజునాడు రాజీనామా ఇచ్చాడు. గ్యారీ గోల్డ్‌మన్, జాన్ పొమరాయ్, మరికొందరు వెంట నడిచారు. ఉమ్మడి కుటుంబం నుంచి వేరు పడ్డవాళ్ళకు మొదట పంతం, తర్వాత పొయ్యి వెలిగించే చింత. పంతం 1982లో 'ద సీక్రెట్ ఆఫ్ నిమ్' అనే సినిమాగా తీరింది. మెచ్చుకున్నవాళ్ళు బాగానే మెచ్చుకున్నారు గానీ డబ్బులు ఆశించినంత రాలేదు. ఆ సమయంలో వచ్చిన పని ఈ ఆట. సుమారు ఏడు నెలల్లో, పది లక్షల డాలర్లకు పైబడిన ఖర్చుతో, 22 నిమిషాల బొమ్మలు చేతితో గీశారు. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన అది 31,680 ఫ్రేములు. పాత్రల గొంతులకు నటులను పెట్టుకునే స్థోమత లేక ఇంటివాళ్ళే కానిచ్చారు. డర్క్ అరుపులు డ్యాన్ మొలీనావి. డాఫ్నీ గొంతు స్టూడియోలో గీతలు శుభ్రం చేసే విభాగాన్ని చూసుకునే వెరా లాన్‌ఫర్‌ది. డర్క్‌కు అరవడం తప్ప పెద్దగా మాటలు లేవు. ఆడేవాడికీ చివరికి మిగిలేది అదే.

అంత సినిమాను అప్పటి కంప్యూటర్ చిప్పుల్లో పెట్టడం కలలోని మాట. అందుకని లేజర్‌డిస్క్ వాడారు. అడుగు వెడల్పున్న పళ్ళెం అది, మెరిసే అప్పడంలా ఉంటుంది. నిమిషానికి 1,800 చుట్లు తిరుగుతుంది. ఒక్కో చుట్టులో ఒక్కో ఫ్రేము, ఒక పక్కన మొత్తం 54,000 ఫ్రేములు, అంటే అరగంట. పెట్టెలో ఒక చిన్న కంప్యూటర్ కూర్చుని, ఆడేవాడు ఏం నొక్కాడో చూసి, ఫలానా నంబరు ఫ్రేముకు పో అని ప్లేయర్‌కు చెబుతుంది. ప్లేయర్‌లోని లేజర్ కన్ను పళ్ళెం మీద జరిగి ఆ చోటు వెతుక్కుంటుంది. ఆ వెతుకులాటలో తెర నల్లబడుతుంది. మన పాత టూరింగ్ టాకీసులో రీలు మార్చేటప్పుడు ఈలలు వేసే సమయం ఉండేదే, సరిగ్గా అలాంటిదే, కాకపోతే చిన్నది. ఇంట్లో నిదానంగా సినిమా చూడటానికో, కంపెనీలో పాఠాలు చెప్పడానికో చేసిన యంత్రాన్ని పొద్దున్నుంచి రాత్రిదాకా ముందుకూ వెనక్కూ ఉరికిస్తే ఎన్నాళ్ళు తట్టుకుంటుంది? ప్లేయర్లు త్వరగానే మొరాయించేవి. డ్రాగన్ కంటే ముందు ప్లేయరే చచ్చిన హాళ్ళు చాలా ఉన్నాయి.

ఇక ఆడే విధానం. నాలుగు దిక్కులకు తిప్పే ఒక కర్ర, కత్తికి ఒక బటన్. అంతే. పిల్లవాడికి కూడా అర్థమయ్యేంత సులువు. చిక్కు ఇక్కడే మొదలవుతుంది. కర్రను కుడికి తిప్పితే డర్క్ కుడికి నడవడు. అతను ఎప్పుడో కాలిఫోర్నియాలో గీసినట్టే నడుస్తాడు. కుడికి తిప్పడమంటే, ఈ క్షణాన వీడు కుడికి దూకుతాడు అని అందించడం. వీధి నాటకంలో తెర వెనక నిలబడి పద్యం అందించే మనిషి పని ఇది. సమయానికి అందిస్తే వేషగాడు దంచేస్తాడు, చప్పట్లు వేషగాడికే. అర సెకను ఆలస్యమైతే రాజు రంగం మధ్య కూలబడతాడు, తిట్లు మాత్రం అందించేవాడికి. ఎటు అందించాలో తెలియడానికి ఒక్కోచోట ఏ మెట్టో, ఏ తాడో తళుక్కున మెరుస్తుంది. చాలాచోట్ల అదీ లేదు. ఒక గదిలో తాగమని రాసి ఉన్న సీసా ఎదురుగా ఉంటుంది. చదువుకున్నవాడు తాగుతాడు, తాగి చస్తాడు. బతకాలంటే సీసాను చూడనట్టు తలుపు దాటాలి. అక్షరాస్యతకు ఇంత వ్యతిరేకంగా పనిచేసిన ఆట మరొకటి లేదు.

సరే, చచ్చి చచ్చి నేర్చుకుందామంటే గదులు వరుసగా రావు, కలిపేసిన పేక ముక్కల్లా వస్తాయి. పైగా కొన్ని గదులను అద్దంలో తిప్పినట్టు ఎడమ కుడి మార్చి చూపిస్తుంది. గీసేవాళ్ళకు ఖర్చు లేకుండా ఒక గది రెండైంది. ఆడేవాడికి మాత్రం కష్టపడి బట్టీ పట్టిన పాఠం తలకిందులైంది.

ఈ ఆట గురించి రాసినవాళ్ళు అందం ఒకపక్క, విసుగు ఒకపక్క పెట్టి తూకం వేస్తారు. అది సరికాదు. అందం వల్లే విసుగు. ప్యాక్‌మ్యాన్ ఎటు తిరిగినా అదే పసుపు ముక్క గనుక ఎటైనా తిరగనిస్తారు. డర్క్ ఒక్క అడుగు అదనంగా వేయాలంటే ఎవరో ఒకరు రాత్రంతా కూర్చుని గీయాలి. ఒక్కో అడుగుకు అంత డబ్బు పోసినవాళ్ళు దాన్ని ఆడేవాడి ఇష్టానికి వదులుతారా? పెళ్ళిలో వెండి పళ్ళెం చూపించి, విస్తరాకులో వడ్డించినట్టే ఇది. ఇంకా తమాషా ఏమిటంటే, ఉన్న బొమ్మల్లో మంచివి చావులకే పెట్టారు. డర్క్ ఒక్కోచోట ఒక్కో రకంగా పోతాడు. నలుగుతాడు, కాలిపోతాడు, ఊపిరాడక గింజుకుంటాడు. చివర మన వైపు చూసి, చూస్తుండగానే ఎముకల గూడై, పొడిపొడిగా రాలిపోతాడు. బాగా ఆడేవాడు వీటిలో ఒక్కటీ చూడలేడు. చేతకానివాడే టికెట్టుకు పూర్తి న్యాయం పొందుతాడు.

ఈ ఆట ఇప్పుడు కంప్యూటర్లో, ఫోన్లో దొరుకుతుంది. పళ్ళెం లేదు, బిళ్ళ అక్కర్లేదు. హైదరాబాద్ నుంచి నిజామాబాద్ వైపు 44వ నంబరు జాతీయ రహదారి మీద, కామారెడ్డికి ముందు వచ్చే ఊరు భిక్నూర్. సిద్ధరామేశ్వర స్వామి గుడి ఉన్న ఊరు. అక్కడ ఒక ఇంట్లో, ఆదివారం మధ్యాహ్నం, నలభై దాటిన ఒక ఆటగాడు దీన్ని పరీక్షించాడు. ఈ వ్యాసం రాసిన మనిషికి ఇతను బాగా దగ్గరి చుట్టం. ప్రేక్షకులు ఇద్దరు: చాట ముందు పెట్టుకుని బీడీలు చుడుతున్న అతని తల్లి, తొమ్మిదో తరగతి చదివే కొడుకు. కంప్యూటర్ రూపంలో మొదటి దృశ్యం కోట ముందరి వంతెన. డర్క్ అడుగు పెట్టగానే చెక్క విరుగుతుంది, కందకంలోంచి ఒక జంతువు తన పొడుగాటి చేతులు చాపుతుంది. ఏం చేయాలో ఆటగాడు ఆలోచించడం మొదలుపెట్టేసరికి ఎముకల గూడు రాలిపోయింది.

"కొడుకా, అటు దిక్కు పోరాదురా" అంది తల్లి, రెండోసారి.

"ఎటే అమ్మా?"

"నాకేమెరుక? ఈడ మాత్రం ఉండకు."

పేదరాశి పెద్దమ్మ ఇంట్లో ఉన్నా దారి తెలియకపోతే లాభం లేదని ఆటగాడికి అప్పుడు అర్థమైంది. మూడోసారి కత్తి నొక్కాడు, అది సరైనదే. ఆ తర్వాత పై బాణం నొక్కాలని తెలిసేసరికి తల్లి మరో ఐదారు బీడీలు చుట్టేసింది. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, మూతి ముడిచి, దారం కట్టడంలో ఆమె వేళ్ళు ఒక్కసారీ తప్పలేదు. డర్క్‌కు కావాల్సింది అచ్చంగా అలాంటి వేళ్ళే. ఆమెను ఆడమంటే మాత్రం నవ్వింది.

"నాకెందుకురా, నేను చూస్తున్న గదా. పాపం, ఎంత సక్కగ సస్తున్నడు!"

కొడుకు పదో చావు దాకా ఓపిక పట్టి, తర్వాత ఫోన్లో ఎవరో తప్పు లేకుండా ఆడిన వీడియో వెతికి పెట్టాడు. ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు, కోట అంతా చూసేశారు. ఆటగాడు ఆ వీడియో వైపు తిరిగి చూడలేదు గానీ చెవులు అటే పెట్టాడు.

చూసేవాళ్ళ సుఖం ఆడేవాడికి లేదన్న సంగతి 1983లోనే హాళ్ళవాళ్ళు కనిపెట్టారు. మిగతా ఆటలు 25 సెంట్లకు ఆడనిస్తే దీనికి 50 సెంట్లు తీసుకున్నారు. అప్పటి మారకంలో దాదాపు 5 రూపాయలు. మన వైపు నేల టికెట్టు అంతకంటే చాలా తక్కువ, పైగా కథానాయకుడు మొదటి నిమిషంలో చచ్చేవాడు కాదు. అయినా జనం ఎగబడ్డారు. పెట్టె చుట్టూ మూగినవాళ్ళు కనబడక తోసుకుంటుంటే, కొన్నిచోట్ల పెట్టె నెత్తిన రెండో టీవీ పెట్టారు. ఆడేది ఒక్కడు, చూసేది ఇరవైమంది, ఇరవైమందీ సలహాదారులే.

అమెరికాలో ఎండాకాలం గడిచేసరికి సంగతి మారింది. బట్టీ పట్టినవాళ్ళు తయారయ్యారు. వాళ్ళకు 50 సెంట్లతో ఆట మొత్తం అయిపోతుంది, అయిపోయాక మళ్ళీ ఆడటానికి ఏమీ మిగలదు. బట్టీ రానివాళ్ళు అప్పటికే డబ్బులయిపోయి వెళ్ళిపోయారు. ఈలోగా తక్కిన కంపెనీలు కూడా లేజర్‌డిస్క్ ఆటల వెంట పడ్డాయి. స్టెర్న్ కంపెనీ కొత్త బొమ్మలు గీయించే బాధ కూడా పెట్టుకోలేదు. జపాన్‌లో హయావో మియాజాకీ 1979లో తీసిన లూపిన్ సినిమా ముక్కలను తెచ్చి, వాటికి బటన్లు తగిలించి 'క్లిఫ్ హ్యాంగర్' అని పేరు పెట్టింది. బ్లూత్ మనుషులు కూడా 'స్పేస్ ఏస్' చేశారు. 1984 ముగిసేలోపే ఈ మోజు చల్లారింది. అదే ఏడాది డర్క్ కథ టీవీలో 13 భాగాల కార్టూన్‌గా వచ్చింది. ప్రకటనలకు ముందు ఆపి, ఇప్పుడు మీరైతే ఏం చేస్తారు అని పిల్లలను అడిగేవాళ్ళు. జవాబు తప్పైనా డర్క్ చావడు. ఈ కథకు తగిన ఆట పద్ధతి బహుశా అదే.

నొక్కమన్న బటన్ నొక్కమన్న క్షణంలో నొక్కే పద్ధతి మాత్రం పోలేదు. 1999లో జపాన్ ఆట 'షెన్‌మూ'తో దానికి 'క్విక్ టైమ్ ఈవెంట్' అనే పేరు స్థిరపడింది, ఇప్పటికీ ఆటల మధ్య అది తలెత్తుతూనే ఉంటుంది. 2017లో 'స్ట్రేంజర్ థింగ్స్' సీరియల్ రెండో సీజన్ మొదట్లోనే పిల్లలు డ్రాగన్స్ లెయిర్ ఆడి, డాఫ్నీ దాకా వచ్చి ఓడి, పెట్టెను తిడతారు. ఆ ఆటకు అంతకంటే నిజాయితీగా ఎవరూ నివాళి అర్పించలేదు. పెట్టె ఒకటి వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియం సేకరణలో కూడా ఉంది.

1991లో 'డ్రాగన్స్ లెయిర్ 2: టైమ్ వార్ప్' వచ్చింది. ఈసారి డాఫ్నీని మార్‌డ్రాక్ అనే మాంత్రికుడు ఎత్తుకుపోతాడు. డర్క్‌కు అప్పటికి పెళ్ళై, ఇంటినిండా పిల్లలు. ఆట మొదలవుతూనే అత్తగారు చపాతీ కర్ర పట్టుకుని అల్లుడి వెంట పడుతుంది, నా బిడ్డ ఎక్కడ అని. ఆమె నుంచి తప్పించుకోవడమే మొదటి గండం. భిక్నూర్ ఆటగాడు దీన్ని కూడా మొదలుపెట్టాడు. కర్ర దెబ్బ తప్పించుకోలేక మూడుసార్లు పోయాడు. నాలుగోసారి మొదలుపెడుతుంటే తల్లి చాట పక్కన పెట్టి, తెర దగ్గరికి జరిగి కూర్చుంది.

"ఆగు, ఆమెను మంచిగ సూడనియ్యి. ఈ ఆటల తెలివున్నది ఆమె ఒక్కతే."