పదకొండు నుంచి నాలుగు

మా బామ్మర్ది పనిచేసే ఫ్యాక్టరీలో, టైమ్ ఆఫీసు బయటి గోడకి ఏటా మార్చి నెలాఖర్లో ఒక కాగితం అంటిస్తారు. 'వేసవిలో తీసుకోవలసిన జాగ్రత్తలు' అని పైన ఎర్రక్షరాలు, పక్కన గొడుగు పట్టుకుని నవ్వుతున్న సూర్యుడి బొమ్మ. సూర్యుడికి గొడుగెందుకో ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. మొదటి జాగ్రత్త: ఉదయం 11 నుంచి సాయంత్రం 4 దాకా బయట తిరగకండి. మావాడిది బీ షిఫ్టు. రెండింటికి పంచ్ పడాలి. కాబట్టి ఈ మాటను వాడు రోజూ మధ్యాహ్నం ఒకటీ యాభైకి, మాడు పగిలే ఎండలో, గేటు ముందు వరసలో నిలబడి చదువుకుంటాడు.

"బావా, గీ కాగితం రాసినాయన ఏ షిఫ్టు?" అనడిగాడొక రోజు.

"జనరల్ షిఫ్టు అయ్యుంటదిరా" అన్నాను.

ఆయన్ను అనడానికి నాకు మొహం లేదు. పత్రికల్లో మేమూ ఏటా అదే రాస్తాం. నిరుటి ఫైలు తీసి, ఉష్ణోగ్రత దిద్ది, పుచ్చకాయ ఫొటో కొత్తది పెడితే వేసవి ప్రత్యేక పేజీ సిద్ధం. ఆ పేజీ ఎవరికోసమో కూడా మాకు తెలుసు. పదకొండింటికి కిటికీ తెరలు దించుకుని, నాలుగింటికి ఎత్తి, నడుమ నిమ్మరసంలో సబ్జా గింజలు ఉబ్బడం చూస్తూ కూర్చోగలిగిన వాళ్లకి. అలాంటి వాళ్లకి వడదెబ్బ తగలడం మామూలుగానే కష్టం. మా పేజీ చదివాక ఇంకా కష్టం.

రెండో జాగ్రత్త, వదులైన నూలు బట్టలు. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం... ఈ పేర్ల నడుమ మనుషులు మెడ నుంచి మడమ దాకా మందపాటి కవరాల్ తొడిగి, ఇనుప ముక్కు బూట్లేసి, హెల్మెట్టూ మాస్కూ బిగించి బాయిలర్ల పక్కన నిలబడతారు. బాయిలర్‌కి ఎంత వేడెక్కిందో చెప్పే ముల్లు ఉంది, వేడి మితిమీరితే ఈల వేసే కవాటం ఉంది. పక్కనున్న మనిషికి రెండూ లేవు. ఇక వదులంటారా, ఇక్కడ వదులుగా ఉండేది కొలువొక్కటే. కాంట్రాక్టు లేబరుకైతే అది ఎంత వదులంటే, వడదెబ్బ తగిలి రెండ్రోజులు మంచాన పడితే దానంతటదే జారిపోతుంది.

మూడోది, నీళ్లు బాగా తాగండి. ఈ మాట ఏ ఊళ్లోనైనా చెప్పొచ్చు గానీ పటాన్‌చెరులో చెప్పేముందు కాస్త ఆగాలి. ఏ నీళ్లు? నక్కవాగు పొడుగునా ఉన్న పల్లెల వాళ్లు బోరు నీళ్ల రంగు చూసి ఏ రోజు ఏ మందు తయారైందో చెప్పేవాళ్లని మా పెద్దలు నవ్వుతూ అనేవారు. ఆ నవ్వు మాకు 2007లో ఆగింది. ఇక్కడి ఫ్యాక్టరీల వ్యర్థజలాలను శుద్ధి చేసి బయటికి వదిలే చోట స్వీడన్ పరిశోధకులు నమూనాలు పట్టి చూస్తే, లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ తేలింది. ఆ మాత్ర మింగిన రోగి ఒంట్లో నెత్తురులో ఉండే మోతాదు కన్నా ఎక్కువ. అదీ శుద్ధి చేశాక! డాక్టరు చీటీ అక్కర్లేదు, మెడికల్ షాపు అక్కర్లేదు, భోజనానికి ముందా తర్వాతా అన్న పేచీ లేదు. అప్పటినుంచి కేసులూ కమిటీలూ పైపులైన్లూ చాలా నడిచాయి. ఊరు మాత్రం తన మానాన తాను ఇరవై లీటర్ల డబ్బా నీళ్లకి అలవాటు పడింది. డబ్బాలో నీళ్లు ఎక్కడివని మేం అడగం. అడిగితే ఆ డబ్బా కూడా ఉండదు.

ఫ్యాక్టరీ లోపలి నీళ్ల గురించి 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మహా ముచ్చటగా రాసింది. ఈమధ్యే దాని స్థానంలో కొత్త కోడ్ వచ్చింది గానీ, మా గోడల మీద ఇంకా పాతదే నడుస్తోంది. దాని 18వ సెక్షన్ ప్రకారం తాగునీరు ఉన్నచోట, ఎక్కువమంది కార్మికులకి అర్థమయ్యే భాషలో 'తాగునీరు' అని రాసి ఉండాలి. బిహారూ ఒడిశా కలిసి షిఫ్టుకొస్తున్న కాలంలో ఆ ఎక్కువమంది భాష ఏదో తేలక, మావాళ్ల దగ్గర కుళాయి బొమ్మ గీసి ఊరుకున్నారు. 250 మందికి మించి ఉంటే ఎండాకాలం నీళ్లు చల్లబరిచి ఇవ్వాలి. మా బామ్మర్ది దగ్గర ఎవరు లెక్కపెట్టినా 249 దగ్గర ఆగుతుంది. తతిమ్మావాళ్లు కాంట్రాక్టరు మనుషులట, వాళ్లకి దాహం కాంట్రాక్టరు తరఫున వేస్తుంది. తాగే నీళ్లకీ మూత్రశాలకీ మధ్య ఆరు మీటర్లన్నా దూరం ఉండాలని కూడా ఉంది. దీన్ని మాత్రం తు.చ. తప్పకుండా పాటించారు. ఆ ఆరు మీటర్ల నడుమ సూపర్‌వైజర్ నిలబడి ఉంటాడు. ఎన్నిసార్లు వెళ్లొచ్చావో ఆయనకి గుర్తుంటుంది. అందుకే మావాడు షిఫ్టుకి ముందు నీళ్లు తాగడు. ఆ సంగతి కాగితంలో రాసేందుకు చోటు లేదు, సూర్యుడి బొమ్మ ఆక్రమించింది.

అయితే మేనేజ్‌మెంటు కూడా మనుషులే. మే నెలలో ఒక శుక్రవారం కార్మికులందరికీ తలా ఒక అట్టపెట్టె డ్రింకు పంచి, ఫొటో తీయించారు. పెట్టె మీద నారింజపండు, దాని కింద పెద్దక్షరాలతో ఓఆర్‌ఎస్.

ఇక్కడ కాస్త ఆగి చెప్పాల్సిన కథ ఉంది. అసలు ఓఆర్‌ఎస్ అంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలిచి పెట్టిన పొడి. లీటరు నీళ్లకి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, సిట్రేటు 2.9. అంతా కలిపినా ఇరవై గ్రాముల చిల్లర. రుచి ఏమంత బాగుండదు, కన్నీళ్లలో నిమ్మకాయ పిండినట్టుంటుంది. ఆ పేరు పెట్టుకుని, చక్కెర ఎన్నో రెట్లు పోసిన డ్రింకులు మందుల షాపుల్లోకే వచ్చి కూర్చున్నాయి. విరేచనాలవుతున్న పిల్లవాడికి ఆ చక్కెర పడితే పేగులు ఒంట్లో నీటిని ఇంకా లాగి బయటికి తోస్తాయి. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి దీనిమీద కొట్లాడితే, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ సూత్రం ప్రకారం చేయని దేనికీ ఓఆర్‌ఎస్ అన్న పేరు వాడొద్దని ఆదేశించింది. మూడక్షరాలు చెరపడానికి ఒక డాక్టరమ్మ జీవితంలో అన్నేళ్లు. ఇప్పుడు మా వీధి షాపులో అక్షరాలు పోయాయి, నారింజపండు ఉంది. జనం ఆ పండుని చూపించే ఓఆర్‌ఎస్ ఇమ్మంటున్నారు.

ఆ పెట్టె తాగిన రోజు రాత్రి మావాడికి దాహం ఇంకా పెరిగింది. మర్నాడు మా అత్తమ్మ రంగంలోకి దిగింది.

అత్తమ్మకి పేపరు చదివే అలవాటు లేదు కాబట్టి వేసవి జాగ్రత్తలు తెలియవు. ఆవిడకి అంబలి తెలుసు. రాత్రి జొన్నపిండిని నీళ్లలో కలిపి కుండలో పెట్టి మూతికి గుడ్డ కడుతుంది. తెల్లారేసరికి అది పులిసి, పైన చిన్న చిన్న బుడగలు లేస్తాయి. ఎసరు మరుగుతుండగా ఆ పులుపుని సన్నధారగా పోస్తూ తెడ్డుతో తిప్పుతూనే ఉండాలి. ఒక్క క్షణం చెయ్యి ఆపినా ఉండ కడుతుంది, ఆవిడ నోటికి పని పడుతుంది. దించి, చల్లారాక చిలికిన మజ్జిగ, ఉప్పు, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, చిదిమిన పచ్చిమిర్చి, చారెడు కొత్తిమీర. అదంతా మళ్లీ కుండలోకి. కుండ బయట నెమ్ము పుడుతుంది, ఆ నెమ్ము గాలికి ఆరుతూ లోపలి వేడిని పట్టుకుపోతుంది. మనిషి చెమట చేసే పనీ అదే. కుండకి కవరాల్ తొడగరు, అంతే తేడా.

ఆ అంబలిని లీటరున్నర సీసాలో పోసి, తడిగుడ్డ చుట్టి కొడుకు సంచిలో పెట్టింది. గేటు దగ్గర సెక్యూరిటీ సీసా పైకెత్తి ఎండకి అడ్డంపెట్టి చూశాడు.

"ఏందన్నా ఇది?"

"అంబలే."

"తెల్లగ ఉన్నది, బుడగలొస్తున్నయి, వాసనొస్తున్నది. లేబుల్ లేదు. బ్యాచ్ నంబర్ లేదు. ఎమ్మెస్‌డీఎస్ ఉన్నదా?"

మందుల ఫ్యాక్టరీల చుట్టుపక్కల పెరగని వాళ్ల కోసం: ఎమ్మెస్‌డీఎస్ అంటే ఒక రసాయనం పుట్టుపూర్వోత్తరాలు, అది ఒంటిమీద పడితే ఏం చేయాలి, మంటంటుకుంటే ఏం చల్లాలి అన్నీ రాసిన జాతకం. మా అత్తమ్మ అంబలికి అది లేదు. సీసా గేటు దగ్గరే ఆగిపోయింది. వెనకాల వరసలో ఉన్నవాడి అట్టపెట్టె డ్రింకు మాత్రం దర్జాగా లోపలికెళ్లింది. దానికి బ్యాచ్ నంబరుంది.

ఈ గేటుకి కాస్త దూరంలో, హైవే పక్కన, 1972 నుంచీ ఇక్రిశాట్ ఉంది. జొన్న, సజ్జ, శనగ, కంది, పల్లీ. మెట్ట పంటల మీద అంతర్జాతీయ శాస్త్రవేత్తలు పనిచేసే చోటు. కంచెకి అటు జొన్న మీద పరిశోధన, ఇటు జొన్న మీద నిషేధం. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది, అదీ మన దేశం ప్రతిపాదిస్తేనే. ఆ ఏడాది నగరంలో ఒక హోటల్లో 'మిల్లెట్ కూలర్' అని రాసి ఉంటే ఆశపడి తెప్పించుకున్నాను. పొడుగు గ్లాసు, పైన పుదీనా ఆకు, కాగితపు గొట్టం. ఒక గుక్క పీల్చగానే మా అత్తమ్మ గుర్తొచ్చింది, బిల్లు చూడగానే మామయ్య గుర్తొచ్చాడు.

మామయ్యది వేరే కథ. ఆయన చిన్నప్పుడు ఇంట్లో రోజూ గట్కో అంబలో. అన్నం పండక్కే. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చాక తెల్లన్నం రోజువారీ తిండయింది, జొన్న చెప్పుకోకూడని సంగతయింది. చుట్టాలొస్తే రొట్టెల బుట్ట అటక మీదికెక్కేదట. ఆకలి తీర్చిన బియ్యాన్ని నేనేమీ అనను, అనే హక్కు నా తిన్న కడుపుకి లేదు. కానీ దాచిన ఆ బుట్ట నలభై ఏళ్ల తర్వాత అటక దిగి, ఇంగ్లీషు పేరు పెట్టుకుని, నా ముందు పుదీనా ఆకుతో కూర్చుంటుందని మామయ్య ఊహించలేదు.

తిండి వేళ మావాడి డిపార్టుమెంటులో చూడాలి. బిహార్ కుర్రాడు సత్తు కలుపుకుంటాడు. సత్తు అంటే మనకి గిన్నె, లేదా బతుకమ్మ నాటి సత్తుపిండి. వాళ్లకి వేయించిన శనగల పిండి. చన్నీళ్లలో వేసి, నల్లుప్పు, నిమ్మరసం, ఉల్లిగడ్డ ముక్కలు. ఒడిశా ఆయన డబ్బాలో నీళ్లలో నానిన అన్నం, వాళ్లు పఖాల అంటారు, మనకది సద్దన్నం. మూడు రాష్ట్రాల ముసలమ్మలు ఒకరి మొహం ఒకరు చూడకుండానే ఒకే మందు చీటీ రాశారు: పులుపు, ఉప్పు, ఉల్లి, నీళ్లు. సత్తు పొడిగా ఉంటుంది కాబట్టి గేటు దాటింది, నీళ్లు లోపల కలుపుకుంటాడు. పఖాలని అన్నం కింద జమకట్టారు. అంబలి ఒక్కటే ద్రవం కింద పట్టుబడింది. క్యాంటీను వాళ్లు ఆరోజు పెట్టింది మిరపకాయ బజ్జీ, పొగలు కక్కే సాంబారు.

పుచ్చకాయ, చెరకురసం, ముంజల గురించి కూడా రాయకపోతే ఎడిటర్ గారు వేసవి కాలమ్‌గా ఒప్పుకోరు. కనుక టూకీగా. మామిడిపండు పసుపు మరీ ఒకేలా మెరుస్తుంటే అనుమానించండి. కాల్షియం కార్బైడ్‌తో మగ్గబెట్టడం నిషేధం, దాని అసలు చోటు వెల్డింగ్ షెడ్డు. చెరకురసంలో ఐసు ఎక్కడిదని బండివాణ్ని అడగండి, 'ఫ్యాక్టరీదే సార్' అని ధైర్యం చెబుతాడు. తినడానికి కాని ఐసుకి నీలం రంగు కలపాలని ఆహార భద్రతా సంస్థ 2018లో చెప్పింది. మా రోడ్డు మీద నీలం ఐసు నేను ఇంతవరకూ చూడలేదు, అంటే అన్నీ తినే ఐసులే అయ్యుండాలి. ముంజలు మాత్రం నమ్మొచ్చు. తాటికాయ లోపల కల్తీ చేసే దారి ఇంకా ఎవరికీ దొరకలేదు.

మన తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో వడగాడ్పుని రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, వడదెబ్బతో చనిపోయిన వారి కుటుంబానికి నాలుగు లక్షలన్నది. మంచిదే, అంతకుముందు ఇచ్చేది యాభై వేలు. ఈ వార్త చదివి వినిపిస్తే మా అత్తమ్మ ఒక్కటే అడిగింది, "బతికున్నోనికి గలాసెడు సల్ల పోస్తె ఎంతైతది?" ఆ లెక్క జీవోలో లేదు.

సీసా వెనక్కొచ్చిన రాత్రి మా బామ్మర్ది కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. వాడు పదేళ్లుగా డ్రమ్ములకి లేబుళ్లు అంటిస్తున్నవాడు, వాడికి నేర్పాలా? మర్నాడు సీసాకి తెల్లని స్టిక్కరు. ఉత్పత్తి పేరు: ఫెర్మెంటెడ్ సోర్ఘమ్ హైడ్రేషన్ సొల్యూషన్. బ్యాచ్ నంబరు: ఏ.ఎమ్.బి. 001. తయారీ: నేటి ఉదయం. గడువు: బీ షిఫ్టు ముగిసేవరకు. నిల్వ: తడిగుడ్డలో. ప్రమాద సూచన: తాగినవారికి నిద్ర రావచ్చు. కింద తయారీదారు సంతకం ఉండాల్సిన చోట మా అత్తమ్మ వేలిముద్ర.

సెక్యూరిటీ ఆ స్టిక్కరుని పైనుంచి కిందిదాకా చదివాడు. రిజిస్టర్లో బ్యాచ్ నంబరు రాసుకున్నాడు. పొద్దున్నుంచీ రేకు నీడైనా లేని గేటు దగ్గర, మందపాటి నీలం యూనిఫారంలో, నెత్తిన టోపీతో నిలబడి ఉన్నాడు. సీసా తిరిగివ్వబోయి ఆగాడు.

"అంతా బరాబర్ ఉన్నది గని అన్నా, శాంపిల్ జమ చెయ్యలేదు."

"ఎంత?"

అటూ ఇటూ చూసి, టేబుల్ కింద నుంచి స్టీలు గ్లాసు తీశాడు.