గోస్తనిలో గ్యాలన్లు

అనంతగిరి కొండల మీద పడే చినుకు ఆకాశం నుంచి దిగేటప్పుడు పక్కా మెట్రిక్ చినుకు. వాతావరణ శాఖ దాన్ని మిల్లీమీటర్లలో పట్టుకుంటుంది. అదే చినుకు బొర్రా దగ్గర గోస్తనిలో కలిసి తాటిపూడి జలాశయం చేరేసరికి జాతకం మారిపోతుంది. పారితే క్యూసెక్కు, పోగుపడితే టీఎంసీ, నిలబడితే అడుగు. జలాశయం నిండితే 297 అడుగులంటారు గానీ తొంభై మీటర్లన్నవాణ్ణి చూడం. అక్కణ్ణించి విశాఖపట్నం బయల్దేరగానే ఎంజీడీ, అంటే రోజుకు మిలియన్ గ్యాలన్లు. చివరికి కుళాయి కింద పెట్టిన 20 లీటర్ల ప్లాస్టిక్ డబ్బాలో పడి మళ్ళీ మెట్రిక్ చొక్కా తొడుక్కుంటుంది. ఒక్క కొండ దిగడానికి ఇన్ని వేషాలు పగటివేషగాడు కూడా కట్టడు.

గ్యాలన్లని లీటర్లు చెయ్యడం బ్రహ్మవిద్యేం కాదు, 4.546తో గుణిస్తే సరి. చిక్కల్లా ఏ గ్యాలనన్నదే. ఇంగ్లండు 1824లో కొత్త గ్యాలను కట్టుకుని దాన్నే మనకీ అంటగట్టింది. అమెరికా మాత్రం పాత సారా గ్యాలన్నే పట్టుకు వేళ్ళాడింది, అది 3.785 లీటర్లు. విశాఖ మావగారూ డల్లాస్ అల్లుడూ ఒక్క ఎంజీడీ దగ్గర వాదనకి దిగితే రోజుకు 7 లక్షల 60 వేల లీటర్ల తేడా, మన డబ్బాల్లో 38 వేలు. సీసాల సంగతీ అంతే. క్వార్టరు 180 మిల్లీలీటర్లు, ఫుల్లు 750. నాలుగు క్వార్టర్లు కలిపినా ఫుల్లు కాదు. పింటు ఇంగ్లండులో 568, అమెరికాలో 473, మన షాపులో 330. పేరు నిలబడితే చాలు, పాత్ర ఎంత చిక్కిపోయినా ఎవరికీ పట్టదు.

అయినా కొలతలు తెలియవన్న నింద మాత్రం కొండ మీదివాళ్ళకే. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. దీని పక్కన దొరగారి లెక్క పెట్టండి: అయిదు ఔన్సులు గిల్లు, నాలుగు గిల్లులు పింటు, రెండు పింట్లు క్వార్టు, నాలుగు క్వార్టులు గ్యాలను. ఏది నాగరికమో మీరే చెప్పండి. కుంచం ఊరికో లోతు, షావుకారుకో లోతు కదా అంటారా? నిజమే. కొనేటప్పుడు శిఖ కట్టి, అమ్మేటప్పుడు తలగొట్టి కొలిచిన షావుకార్ల వల్లే గిరిజన సహకార సంస్థ అవసరపడింది. తూనికలు కొలతల చట్టం, ఆ సంస్థ, రెండూ 1956లోనే పుట్టాయి. కిలో కొండకి మేలే చేసింది, కాదనను. కానీ ఆ షావుకారు విద్య ద్రవాల దగ్గర సాగదు, నీళ్ళకి శిఖ నిలవదు. జీలుగు కల్లుకి మాత్రం నురగ ఉంది. ఆనపబుర్ర వంచగానే అడ్డాకు డొప్పలో అంచుదాకా తెల్లగా లేస్తుంది, బుడగలు చిట్లుతూ రెండు వేళ్ళ మందం కిందికి జారుతుంది. తాగేవాడు అంతవరకూ ఆగి, మళ్ళీ పొయ్యమంటాడు. తనిఖీ అయిపోయింది. జలాశయానికి నురగ పైన ఉండదు, అడుగున ఉంటుంది. దాని పేరు పూడిక. కాగితం మీది టీఎంసీలో అదెంతో ఆగి చూసేదెవరు?

ట్రిబ్యునళ్ళు పంచింది టీఎంసీల్లోనే కదా, ఇప్పుడు మెట్రిక్‌లోకి ఎలా మారుస్తామంటారు. ఈ మాటకి నేను తలవంచుతాను. బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కి ఇచ్చిన 811 టీఎంసీల్ని ఘనపు మీటర్లు చేస్తే 2,296 కోట్ల చిల్లర వస్తుంది, ఆ చిల్లర ఎవరిదో తేల్చడానికి ఇంకో ట్రిబ్యునల్ వెయ్యాలి. గోస్తనికి ఆ బెడద లేదు. అనంతగిరిలో పుట్టి భీమిలి దగ్గర సముద్రంలో కలిసేదాకా పక్క రాష్ట్రంతో పేచీయే లేదు. సంతలో పాత మానికతో అమ్మేవాడికి జరిమానా వేసే చట్టం ఎంజీడీ దగ్గరికొచ్చేసరికి మొహం తిప్పుకుంటుంది. గోస్తని అంటే ఆవు పొదుగు. పాలవాడు గ్యాలన్ల లెక్కన పోస్తానంటే గిన్నె వెనక్కి లాక్కునే ఊరు, ఆ పొదుగు దగ్గర మాత్రం గ్యాలన్లకే దోసిలి పడుతోంది.